గుమ్మం ఇటు

ఉప్పుగాలికి నూలుతాడు ఏడాది కూడా ఆగదు. పొద్దున్నే మేస్త్రి గొంతుక్కూర్చుని తెగిన తాడుకి ముడి వేస్తున్నాడు. అంత పెద్ద స్థలంలో ఓ మూలకి ఒంటిగది, దానికి ఆనుకుని వంట వసారా. మిగతాదంతా ఇసుకా గడ్డీ. ఆ ఇసుకలో కర్రమేకులు పాతి, తాడు లాగి గీసిన పెద్దిల్లు: హాలు, రెండు గదులు, వంటగది. రెండో గది పిల్లలకనుకున్నారు. అందులోనే గడ్డి ఎక్కువ మొలిచింది. పెళ్ళైన కొత్తలో సున్నంతో ముగ్గు పోశాడు. అది గాలికి కొట్టుకుపోతుంటే మేకులు పాతాడు. నిదానంగా కట్టుకోవచ్చని, అప్పటికి తలదాచుకోడానికి వేసుకున్నదే ఆ ఒంటిగది.

భార్య వీధి కుళాయి నుంచి బిందెతో వచ్చింది. తాడు దాటితే గది ఎదురుగానే. ఆమె దాటదు. చుట్టూ తిరిగి, గుమ్మానికని వదిలిన ఖాళీలోంచి హాల్లో అడుగుపెట్టి, పెరటి గుమ్మంలోంచి బయటపడింది.

"గుమ్మం మేకు ఊగుతోంది, చూడు," అంది వెళ్తూ.

"చెదపట్టింది. సాయంత్రం చూస్తాలే."

చెప్పాల్సింది అది కాదు. తను మరమ్మతు పని చేసే పాత కోట చుట్టుపక్కల కొత్త గోడ లేవకూడదని పురావస్తు ఆఫీసువాళ్ళు చెప్పి ఏళ్ళు గడిచాయి. ఆ మాట ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. వారం నుంచి ఎడమ భుజం లాగుతోంది. ఇవాళైనా చెప్పెయ్యాలి.

కోటలో సముద్రం వైపు గోడ దగ్గర రోజంతా పని. రాళ్ళ సందుల్లో పాత సున్నం గీకడం, నీళ్ళు చల్లడం, కొత్త సున్నం కూరి తాపీ మొనతో అదమడం. మధ్యమధ్య చేతికి పట్టు చాలక గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. దిగేటప్పుడు గేటు కాపలాదారు ఎప్పటిలాగే ఇకిలించాడు.

"ఏం మేస్త్రీ, చిన్నింటికేనా?"

"పెద్దింటికి మీ కోట అడ్డొచ్చిందిగా. ఇక చిన్నిల్లే గతి."

"మా చెల్లెమ్మ వింటే చీపురు తిరగేస్తుంది!"

మేస్త్రి నవ్వలేదు.

ఇంటికొచ్చి ఊగుతున్న మేకు పీకితే చేతిలోనే పొడైంది. వేరేది లేదు. తాపీని ఆ గుంటలో దిగ్గొట్టి తాడు చుట్టాడు. లోపల ఉక్కగా ఉందని మంచం హాల్లో వేయించుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని అతని చొక్కాకి బొత్తాం కుడుతోంది.

"ఏమే, ఈ ఇల్లు లేవదు. కోటకి దగ్గరట. కట్టనివ్వరు."

"తెలుసు."

"తెలుసా! ఎవరు చెప్పారు?"

"ఆ గేటాయన పెళ్ళాం కడుపులో మాట దాగుతుందా? ఎప్పుడో చెప్పింది."

"మరి ఇన్నాళ్ళూ బిందె మోసుకుంటూ చుట్టూ తిరిగొస్తావెందుకే, పిచ్చిదానా?"

ఆమె దారం కొరికింది.

"గోడలోంచి ఎలా నడుస్తానయ్యా?"

మేస్త్రి చాలాసేపు నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. భుజం పట్టుకుని, "కాసిని మంచినీళ్ళు పట్రా," అన్నాడు.

ఆమె పెరటి గుమ్మంలోంచి వెళ్ళి, ఆ గుమ్మంలోంచే వచ్చింది. గ్లాసు అందిస్తే అతను చెయ్యి చాపలేదు.

మర్నాడు అతన్ని పాడె మీద ఎత్తుకున్నవాళ్ళు దగ్గరి దారిన తాడు మీదుగా కాలు వేయబోయారు.

"అటు కాదు," అంది ఆమె. "గుమ్మం ఇటు."

వాళ్ళు ఇటు తిరిగారు. ముందు నడుస్తున్న కాపలాదారు, తగలడానికి పైన ఏమీ లేకపోయినా, తల వంచి దాటాడు.

గుమ్మం పక్కన తాపీ పిడిదాకా ఇసుకలో దిగి, తాడుని బిగువుగా పట్టుకునే ఉంది. పిడి మీద అతని వేళ్ళ సున్నం తెల్లగా ఆరిపోయింది.