నాయనమ్మ నాలుక

చూరు కింద సోయా దిమ్మల కంపు.

సోయా గింజలు ఉడికించి దంచి గడ్డితాళ్లకు వేలాడదీసిన దిమ్మలు. బూజు పట్టి, పగుళ్లు విచ్చి, చలిగాలికి ఊగుతున్న దిమ్మలు. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. మేం ఆ కంపులోనే పుట్టాం, ఆ కంపులోనే అన్నం తిన్నాం.

ఆ కంపుకే నాకు మెలకువ వచ్చింది.

చచ్చిపోయాక వచ్చిన మెలకువ.

అవును, చచ్చాను. సియోల్‌లో, నేలకింద గదిలో, ఊపిరితిత్తులకు నెమ్ము చేరి, ముప్పై మూడేళ్లకి. పక్కన మనిషి లేదు... గ్లాసుడు నీళ్లిచ్చే చెయ్యి లేదు. కళ్లు మూసింది అక్కడ. తెరిచింది ఇక్కడ — నాలుగేళ్లు వెనక్కి, నాయనమ్మ ఇంట్లో, వెచ్చటి నేల మీద పరిచిన పాత బొంతలో.

"దల్లీ, ఇంకా పడకేనా? సూర్యుడొచ్చి కాళ్లు పడితేగానీ లేవవా?"

నాయనమ్మ గొంతు.

ఎన్నాళ్లకు విన్నాను... ఏడుపొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది. నన్ను ఇంట్లోంచి గెంటింది కూడా ఆ గొంతే.

మా పెరట్లో నలభై రెండు జాడీలు. నలభై ఒకటి ఒక ఎత్తు, ఒకటి ఒక ఎత్తు. ఆ ఒక్కదాంట్లో విత్తనపు ఊట ఉంటుంది. తొంభై ఏళ్లనాటి సోయా ఊట. నాయనమ్మ అత్తగారు పోసింది. ఏటా కొత్త ఊట తీసినప్పుడు అందులోంచి ఒక గరిటె కలుపుతాం, తగ్గినంత మళ్లీ నింపుతాం. జాడీకి తెల్లకాగితపు మేజోడు తలకిందులుగా అంటిస్తాం. చెడు ఏదైనా వస్తే అందులో దూరి చావాలని.

ఇంట్లో పుట్టిన చెడు ఎందులో దూరాలి?

ఏటా చాంద్రమానం మొదటి నెలలో గుర్రం పేరున్న శుభదినాన, గుర్రపు రోజున, ఆ జాడీ మూత తీస్తారు. వంశపు పెద్దలంతా చూస్తుండగా నాయనమ్మ ఒక చెంచాడు నాలుక మీద వేసుకుంటుంది. ఆవిడ తల ఊపితే ఆ ఏడు గడిచినట్టే. ఈసారి తల ఊపి గరిటె వారసురాలి చేతిలో పెట్టాలి. మా అమ్మ బతికుంటే ఆ గరిటె అమ్మది. లేదు కాబట్టి నాది. కానీ పెళ్లికాని చెయ్యి ఆ జాడీలో పడకూడదు. అది నాయనమ్మ శాసనం.

అందుకే పోయిన జన్మలో కంగ్జూని చేసుకున్నాను.

తేనె కారే మాటలు. మెత్తటి చేతులు. ఆ చేతులే నా తలగడ కింద తాళంచెవి తీశాయి. ఆ చేతులే మా చిన్నాన్న కూతురు యురిమ్‌తో కలిసి విత్తనపు ఊట డబ్బాల్లోకి ఒంపి పట్నంలో ఫ్యాక్టరీవాడికి చేరేశాయి. ఖాళీ అయిన జాడీలో బజారు సోయా సాస్ పోశాయి. గుర్రపు రోజున నాయనమ్మ చెంచా నోట్లో పెట్టుకుంది...

ఉమ్మింది. నా మొహం మీద.

"మా అత్తగారిని అమ్ముకున్నావు కదే."

అంతే. ఒక్క మాట అడగలేదు. నువ్వేనా అని అడగలేదు. ఎందుకు చేశావని అడగలేదు. నాయనమ్మ నాలుక తప్పు చెప్పదు — ఊరంతా అదే మాట. చెంపల మీద ఆ నల్లటి తడితోనే బస్సెక్కాను.

ఇప్పుడు మళ్లీ అదే చలికాలం. గుర్రపు రోజుకి ఇంకా యాభై రోజులు. కంగ్జూవాళ్లు సంబంధం ఖాయం చేసుకోవడానికి ఆ మధ్యాహ్నమే వస్తున్నారు.

వచ్చారు. బేరిపండ్ల పెట్టె తెచ్చారు. కంగ్జూ పొందిగ్గా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నీకు నచ్చింది నేనా, మా పెరట్లో జాడీయా?" అని అడిగాను.

పెద్దవాళ్లు దగ్గారు. అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి ఒకప్పుడు కరిగిపోయాను... నా బుద్ధికి చెప్పు తీసి కొట్టాలి. బేరిపండ్ల పెట్టె వాళ్ల వైపు తోసి లేచి వచ్చేశాను.

వంటింటి గడపలో యురిమ్. "అదేంటక్కా, బంగారంలాంటి మనిషిని..."

"నీకు కావాలంటే తీసుకోవే. ఎలాగూ తీసుకునేదానివే."

దాని మొహంలో రంగు మారింది. ఆ రంగు కోసమే మళ్లీ పుట్టినట్టు అనిపించింది నాకు.

కానీ మొగుడు కావాలి. నేను ఇలాగే ఉండి యురిమ్ ముందు పెళ్లాడితే గరిటె దానిదే. లోయలో జాడీలు చేసే మున్సోక్ దగ్గరికి వెళ్లాను. మోచేతుల దాకా మట్టి. తల ఎత్తలేదు.

"మున్సోక్ గారూ, నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"జాడీ కోసం వచ్చారనుకున్నా."

"జాడీ కూడా కావాలి."

చక్రం ఆపాడు. అతనికీ పెళ్లాం అవసరమేనని నాకు తెలుసు. పెళ్లికానివాడు పెద్దల తద్దినంలో ముందు నిలబడకూడదని బాబాయిలు అతన్ని వెనక్కి నెడుతున్నారు. వంశం పెద్ద కాకపోతే బట్టీ ఉన్న కొండ అతనికి దక్కదు.

"ఒక్క ఏడాది," అన్నాను. "వేరే గదులు. ఏదీ అడక్కూడదు."

"కూరలో ఉప్పు ఎక్కువైనా అడక్కూడదా?"

"అదీ అడక్కూడదు."

"అయితే ఆలోచించాలి," అని మళ్లీ చక్రం తిప్పాడు. వారంలో పెళ్లయింది. నేను ఆ బట్టీ ఇంటికి మారాను. నాయనమ్మ పెరటి తాళంచెవి నా చేతికిచ్చింది. రెండోది ఎప్పటిలాగే ఆవిడ నడుముకి. ఆవిడకి స్నానం చేయించేది యురిమ్.

మున్సోక్‌కి అంతా చెప్పాను. చావడం, మళ్లీ లేవడం, ఉమ్ము... చెప్పకుండా ఉండలేకపోయాను. కడుపులో అంత నిప్పు పెట్టుకుని వేరొకరి ఇంట్లో అన్నం తినడం కష్టం. విని చాలాసేపు మట్టి పిసికాడు.

"పిచ్చిదానివో కాదో నాకు తెలీదు. జాడీని మాత్రం బాగా తట్టి చూస్తావు, పగులుందేమోనని. పద, ఆ ఊట తెచ్చేద్దాం."

యురిమ్ నాయనమ్మని వేడినీళ్ల స్నానాల ఊరికి తీసుకెళ్లిన రోజున, పట్టపగలు, విత్తనపు ఊటని అడుగున గడ్డకట్టిన ఉప్పుతో సహా అతని కొత్త జాడీలోకి మార్చాం. పాత జాడీలో నిరుటి మామూలు ఊట పోసి మూత పెట్టాను. మేజోడు కాగితం కూడా మళ్లీ సరిగ్గా అంటించాను.

ఇక దొంగలు రావాలి.

వచ్చారు. ఊరంతా ఎవరిదో పెళ్లికి వెళ్లిన మధ్యాహ్నం... నేను క్యాబేజీ ఊరగాయ జాడీల వెనక మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. యురిమ్ తాళం తీసింది. కంగ్జూ డబ్బాలు మోశాడు. వాళ్లు నవ్వుకున్నారు.

"మొహాన ఉమ్మేస్తుంది చూడు," అంది యురిమ్. "అక్క మొహం ఎలా ఉంటుందో!"

ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అప్పుడే లేచి జుట్టు పట్టుకోవాల్సింది. మున్సోక్ కూడా తర్వాత అదే అన్నాడు. "అక్కడికక్కడే పట్టుకోకుండా చేతులు కట్టుకు కూర్చున్నావా?"

"నాయనమ్మ నాలుక చెప్పాలి. నన్ను చంపింది ఆ నాలుక. దాన్నే వాళ్ల మీదికి తిప్పుతాను. ఆవిడ ఉమ్మాలి — అప్పుడు నేను అసలు జాడీ తెచ్చి పెట్టాలి — ఆ ఉమ్ము ఎవరి మొహాన పడాలో అందరూ చూడాలి."

"ఎనభై ఏళ్ల ముసలావిడ నోట్లో దొంగ ఊట పోయించి?"

గుర్రపు రోజు కోసం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను.

గుర్రపు రోజు.

మంచు లేదు. ఎండ పల్చగా ఉంది. పెద్దలు తెల్లటి దుస్తుల్లో వరసగా కూర్చున్నారు. యురిమ్ నాయనమ్మ పక్కన, ఎప్పటిలాగే. కంగ్జూ దాని వెనక, ఇప్పుడు దానికి కాబోయేవాడిగా. మున్సోక్ గేటు బయట ట్రక్కులో, అసలు జాడీతో.

నాయనమ్మ మూత తీసింది. చెంచా ముంచింది. నోట్లో పెట్టుకుంది.

ఉమ్ము, నాయనమ్మా... ఉమ్ము.

ఉమ్మలేదు.

నోరు మూసుకుని అలాగే ఉంది. కళ్లు మాత్రం కదిలాయి. పక్కకి... యురిమ్ మొహం మీదికి. యురిమ్ ముక్కు దగ్గర వేలు పెట్టుకుంది. చిన్నగా. చూసేవాళ్లకి దురద అనిపించేలా. నాయనమ్మ మొహం అప్పుడు ముడుచుకోవడం మొదలైంది.

అప్పుడూ ఇంతే. పోయిన జన్మలోనూ ముందు పక్కకి చూసింది. తర్వాతే ఉమ్మింది. ఆ చూపు నేను చూశాను, చూసీ గుర్తుపట్టలేదు.

ఎన్ని గుర్తుకొచ్చాయో. 'యురిమ్, నోరు అలిసిపోయిందే, ఉప్పు చూడు.' 'యురిమ్, ఇది పులిసిందా?' ఒకే చారులో రెండుసార్లు ఉప్పు వేసిన రోజు. కాకరకాయంత చేదు మందు చప్పరించి మంచినీళ్లలా తాగేసిన రోజు. నాయనమ్మ నాలుక ఎప్పుడో చచ్చిపోయింది. మా ఇంటి నాలుక యురిమ్. ఏళ్ల తరబడి వంశమంతా తల వంచింది దాని వేలి ముందు.

అంటే... ఆ రోజు నాయనమ్మకి ఏ రుచీ తెలియలేదు. ఏమీ తెలియకుండానే ఉమ్మింది. ఒక పిల్ల ముక్కు చూసి నన్ను చంపేసింది.

నా కోపం యురిమ్‌ని దాటి పోయింది. కంగ్జూ ఎక్కడో చీమలా కనిపించాడు. కళ్ల ముందు ఒక్క నాయనమ్మే ఉంది.

పక్కన గంగాళంలో వేయించిన బార్లీ వేసి కాచిన నీళ్లు ఉన్నాయి. నల్లగా, చల్లగా. చూడ్డానికి అచ్చం ఊట. గిన్నెడు ముంచుకున్నాను. ఇది ఆవిడ చేతికిస్తాను. తొంభై ఏళ్ల ఊట అంటాను. తాగి తల ఊపుతుంది. అందరూ చూస్తారు. ఆ మహా నాలుక ముందు ఊరు ఊరంతా నవ్వుతుంది.

నవ్వాలి. నేను బస్సులో మొహం తుడుచుకున్నప్పుడు జనం చూశారు... ఈవిణ్ణీ చూడాలి.

అడుగు వేశాను. గేటు దగ్గర్నుంచి మున్సోక్ వచ్చి ఎదురు నిలబడ్డాడు. గిన్నె చూశాడు. అర్థమైంది అతనికి.

"దల్లీ," అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా. "ఈవిడ నీకు ఇంకా ఏమీ చెయ్యలేదు."

"ఇంకా."

"ఇంకా," అని ఒప్పుకున్నాడు. పక్కకి తప్పుకున్నాడు. ఆపలేదు.

అతను ఆపి ఉంటే తోసుకుని వెళ్లేదాన్ని. ఆపలేదు కాబట్టి చేతిలో గిన్నె బరువెక్కింది. గట్టు మీద పెట్టేశాను. ఆ పెట్టడంలో సగం నీళ్లు ఒలికాయి. కోపం మాత్రం చుక్క కూడా ఒలకలేదు.

వెళ్లి నాయనమ్మకీ యురిమ్‌కీ మధ్య నిలబడ్డాను. అంతే. యురిమ్ మొహం కనపడకుండా, నా ఒళ్లంతా అడ్డం పెట్టి.

నాయనమ్మ తల ఇటు వంచింది. అటు వంచింది. ఎటు చూసినా నా లంగా.

"అక్కా, తప్పుకో," అంది యురిమ్ వెనకనుంచి. "నాయనమ్మకి ఎండ రావట్లేదు."

"వద్దులే ఎండ."

పెద్దల్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. నాయనమ్మ నోట్లోని ఆ బజారు నీళ్లు మింగేసింది. చిన్న పిల్లలా నా వైపు చూసింది. ఆ కళ్లలో భయం నేను రెండు జన్మల్లో ఎప్పుడూ చూడలేదు.

చెంచా మళ్లీ ముంచింది. నా వైపు చాపింది.

"నువ్వు చెప్పవే, దల్లీ."

నోట్లో పెట్టుకున్నాను. బెల్లపు తీపి. దాని వెనక ఏమీ లేదు.

"ఇది బజారుది," అన్నాను. "అసలుది నా దగ్గరుంది."

యురిమ్ అరిచింది — తాళంచెవి అక్కదే, దొంగా అదే అని. మున్సోక్ రెండు జాడీలు పక్కపక్కన పెట్టాడు. పెద్దాయన లేచి పొడుగు గరిటెతో పాతదాని అడుగు తడిమాడు. నున్నగా ఉంది. కొత్తదాని అడుగు తడిమాడు. పిడికిలంత ఉప్పు గడ్డలు పైకొచ్చాయి, మెరుస్తూ. తొంభై ఏళ్లు పడితేగానీ అలాంటివి కట్టవని అక్కడ కూర్చున్న ప్రతివాళ్లకీ తెలుసు.

"మరి పాతదాంట్లో బజారుది ఎవరు పోశారు?" అని పెద్దాయన యురిమ్‌నే అడిగాడు. యురిమ్ వెనక్కి తిరిగి కంగ్జూ కోసం చూసింది. గుమ్మం ముందు అతని బూట్లు అప్పటికే లేవు.

వంశపు పెద్దలు, మా చిన్నాన్న, అరుపులు, ఏడుపు... అదంతా నేను కోరుకున్నట్టే జరిగింది. ఒక్కొక్కటీ అనుకున్న వరసలోనే జరిగింది. నాకు ఒక్క ముద్ద కూడా దిగలేదు.

సాయంత్రానికి పెరడు ఖాళీ అయింది. నాయనమ్మ మెట్టు మీద కూర్చుని గరిటె నా ఒళ్లో పెట్టింది. నా చెయ్యి పట్టుకుని నిమురుతోంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. దాన్ని విదిలించి కొట్టాలనిపించింది. ఒళ్లో తల పెట్టి ఏడవాలనిపించింది.

నాలుగేళ్లూ, ఒక చావూ మోసిన మాట బయటికి వచ్చేసింది.

"ఒక్క మాట నన్ను ఎందుకు అడగలేదు, నాయనమ్మా?"

నాయనమ్మ నవ్వింది. బోసి నోటితో, ఎంతో తేలిగ్గా.

"ఇప్పుడేగా అడిగాను, పిచ్చిపిల్లా."