ఊటీ చాక్లెట్, దాలి పాలు

మా తోడికోడలు రాజరాజేశ్వరి ఊటీలో మూడు రోజులుండి వచ్చింది. వచ్చి మూడు నెలలైనా ఆ ఊటీ మాత్రం మా ఇంట్లోంచి పోలేదు. ఏలూరులో ఎండ కాసినా "ఊటీలో ఇలా ఉండదండీ" అనేది, వాన కురిసినా ఆ మాటే అనేది. అక్కడ ఏమేం చూసిందో గాని మాకు చెప్పింది ఒక్కటే. హోటల్లో పొద్దున్నే పింగాణీ కప్పులో చాక్లెట్ ఇచ్చారట. తినేది కాదట, తాగేదట. చిక్కగా, వేడివేడిగా, పైన నురగతో.

"దాని ముందు కాఫీ అనేది కడుగునీళ్ళే అక్కయ్యా" అంది, నేను పెట్టిచ్చిన కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే.

ఆ ఇంట్లో కాఫీ పెట్టేది నేను. పాలు పితికేదీ, తోడు పెట్టేదీ, చిలికేదీ నేనే. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన పోయిన ఏడాదే మా నాన్న పెదపాడు నుంచి ఒక గేదె పడ్డని తోలుకొచ్చి పెరట్లో కట్టేసి, "ఇది మా అమ్మాయి లక్ష్మమ్మదండీ" అని మా అత్తగారితో చెప్పి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు. ఎందుకు తెచ్చాడో అప్పుడు నాకు తెలియలేదు. భర్త లేని కోడలికి ఇంట్లో పని ఉంటుంది గాని మాట ఉండదు. గౌరి అని పేరు పెట్టుకున్న ఆ పడ్డ ఈనిన దగ్గర్నుంచి నాకు మాట వచ్చింది. ఎవరి గ్లాసులో ఎన్ని పాలు పడాలో, ఏ పిల్లకి మీగడ పెట్టాలో నేను చెప్పినట్టే జరిగేది. మా మరిది హనుమంతరావు కాలవల ఆఫీసులో హెడ్ క్లార్కు. పదిమంది గుమస్తాల మీద పెత్తనం చేసే మనిషి. ఆయన కూడా "వదినా, ఇంకో చుక్క పాలు" అని నన్నే అడగాలి.

ఆ గేదెని అమ్మేద్దామంది రాజరాజేశ్వరి.

"ఆఫీసర్ల ఇళ్ళల్లో పేడ వాసన ఎక్కడా ఉండదండీ అత్తయ్యా. పాక తీసేసి అక్కడ డ్రాయింగ్ రూమ్ కట్టించుకుందాం. పాలంటారా, డబ్బా పాలొస్తున్నాయి. వేణ్ణీళ్ళలో కలుపుకోడమే. పెంటపాడు గేదెల బేరగాడు బంగార్రాజుతో మాట్లాడేశారు ఈయన. సోమవారం వచ్చి తోలుకుపోతాడు."

డ్రాయింగ్ రూమ్ లో ఏం చేస్తారని అడిగాను. కూచుంటారట. ఇప్పుడు వీధరుగు మీద నిలబడుతున్నామా అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఏమీ తెలియని వాళ్ళతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు నవ్వే నవ్వొకటుంది ఆమెకి, అది కూడా ఊటీ నుంచే తెచ్చుకుంది.

మా అత్తగారు అచ్చాయమ్మగారికి ఎవరి మీదా ప్రత్యేకం ప్రేమ లేదు. అందుకే ఆవిడ తీర్పు అందరికీ సమానంగా ఉండేది. అడకత్తెరతో వక్క కత్తిరించుకుంటూ అంది:

"ఆదివారం ఇంజినీరుగారి భార్య వస్తోందన్నావుగా. ఆ తాగే చాక్లెట్టేదో నీ డబ్బా పాలతో కాచి ఇయ్యి. వాళ్ళు బాగుందంటే గేదెతో మనకి పని లేదు, బంగార్రాజు తోలుకుపోతాడు. బాగులేదంటే మళ్ళీ గేదె ఊసెత్తకు."

నేను నిశ్చింతగా పడుకున్నాను. కాఫీ అయినా పెట్టడం రాని మనిషి చాక్లెట్ ఏం కాస్తుంది?

ఆదివారం మూడింటికి రాజరాజేశ్వరి పట్టుచీర కట్టుకుని వంటింట్లోకొచ్చింది. ఆ గుమ్మం దాటి ఎన్నాళ్ళయిందో, నెత్తికి ఉట్టి తగిలించుకుంది. చేతిలో కోకో పొడి డబ్బా, పాలపొడి డబ్బా, కాగితం చుట్టిన రెండు చాక్లెట్ దిమ్మలు. ఊటీ చలిలో పుట్టిన ఆ దిమ్మలు మా ఏలూరు ఎండకి బీరువాలోనే కరిగి, మళ్ళీ గడ్డకట్టి, ఒకటి బీరువా మూలలాగా, రెండోది దేనిలాగానూ కాకుండా ఉన్నాయి. పైన తెల్లగా పొర కట్టింది.

"బూజా?" అన్నాను.

"బూజు కాదక్కయ్యా. ఖరీదైన చాక్లెట్ అలాగే ఉంటుంది."

"ఎలా కాచాలో ఆ డబ్బా మీద ఏదో రాసినట్టుందే?"

"ఇంగ్లీషులో ఉంది."

"నీకు ఇంగ్లీషొచ్చుగా, చదవకూడదూ?"

"వచ్చు కాబట్టే చదవక్కర్లేదు అక్కయ్యా. నేను తాగి వచ్చినదాన్ని."

తాగి వచ్చినంత మాత్రాన కాచడం వస్తే మా మరిది ఈపాటికి హోటలు పెట్టేవాడు. నేను పీట వాల్చుకుని కంద తరుగుతూ కూచున్నాను.

ఆమె కాఫీ ఫిల్టరు తీసింది. పై గిన్నెలో నాలుగు చెంచాల కోకో పొడి వేసి, బిళ్ళతో గట్టిగా నొక్కి, మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టింది. మా ఇళ్ళల్లో పుట్టిన మనిషికి నల్లటి పొడి అంటే కాఫీ పొడే, నల్లటి పొడి అన్నది ఫిల్టర్లో పడవలసిందే. డబ్బా అంచుకి అంటిన పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాను. నలక లేదు, బరక లేదు. రాగిపిండి కన్నా మెత్తగా ఉంది. పిండి మీద వేణ్ణీళ్ళు పోస్తే దిగేదేముంటుంది? ముద్దవుతుంది.

"డికాక్షన్ దిగడానికి కాస్త టైము పడుతుంది" అంది రాజరాజేశ్వరి.

పావుగంటయింది. ఒక్క చుక్క దిగలేదు. ఫిల్టరుని అరిచేత్తో తట్టింది. మూత తీసి ఊదింది. కింద గిన్నె ఊడదీసి, తల్లోంచి పిన్ను తీసి చిల్లుల్లో పొడిచింది. అప్పుడు నాలుగు చుక్కలు రాలాయి, తుప్పు నీళ్ళ రంగులో. ఆ తుప్పు నీళ్ళని పాలపొడి కలిపిన వేణ్ణీళ్ళలో పోసింది. పాలపొడి ఉండలు ఉండలుగా పైకి తేలింది. చెంచాతో కొంచెం నోట్లో పోసుకుని మింగలేక, ఉమ్మలేక అలాగే నిలబడింది.

వీధిలో జీపు ఆగింది. "రండమ్మా, రండి" అని మా అత్తగారి గొంతు. ఇంజినీరుగారి భార్య ఉమాకుమారిగారూ, వెంట క్లబ్బు ఆడవాళ్ళిద్దరూ అరుగు మీద కుర్చీల్లో కూచున్నారు.

"అక్కయ్యా..."

"ఏం?"

"ఇది దిగట్లేదండీ."

"కనపడుతూనే ఉంది."

"మీరు కాస్త చూడండి. పరువు పోతుంది."

"ఎవరిది?"

"మనదేనండీ."

"ఇందాకటిదాకా నీది. ఇప్పుడు మనదయిందన్నమాట."

చేతులు కట్టుకుని కూచుంటే చాలు, నా గేదె నాకు దక్కుతుంది. అది నాకు తెలుసు. ఆమె మీద జాలేమీ కలగలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కాని ఆ ఉండలు తేలే నీళ్ళు నా వంటింట్లోంచి బయటికి వెళ్ళి, ముగ్గురు పరాయి ఆడవాళ్ళు మొహం చిట్లించుకుంటే, అది రాజరాజేశ్వరి కాచిందని వాళ్ళకేం తెలుసు? నా పొయ్యి మీద కాగిందనే కదా. తొమ్మిదేళ్ళలో నా చేతి మీదుగా అలాంటిది గుమ్మం దాటలేదు.

ఫిల్టర్లోని ముద్దని అరటి పాదులో పారబోశాను. కొత్తగా నాలుగు చెంచాల పొడి తీసుకుని, పంచదార కలిపి, రాగి జావకి పిండి కలిపినట్టు గోరువెచ్చటి నీళ్ళు చుక్క చుక్క వేస్తూ ఉండ లేకుండా మెదిపాను. కల్లుప్పు ఒక్క పలుకు వేశాను. పొయ్యి మీద పెట్టి పచ్చివాసన పోయేదాకా గరిటెతో తిప్పాను.

తర్వాత పెరట్లోకి వెళ్ళి దాలి మీంచి పాలకుండ తెచ్చాను. పొద్దున్న పితికిన గౌరి పాలు, పిడకల సెగ మీద అప్పట్నుంచీ కాగి కాగి లేత ఇటుక రంగు తిరిగి, పైన వేలి మందాన మీగడ కట్టి ఉన్నాయి. మీగడతో సహా రెండు ముంతలు ఆ గిన్నెలో పోశాను. దిమ్మల మీది తెల్లపొర గీకేసి, చాక్లెట్టుని కత్తిపీట మీద సన్నగా తరిగి, గిన్నె దించాక అందులో వేశాను. చిన్న కవ్వం కడిగి, రెండరచేతుల మధ్యా పెట్టి గిరగిర తిప్పితే నురగ అంచుదాకా పొంగింది.

రాజరాజేశ్వరి పక్కన నిలబడి చూస్తోంది. "ఊటీలోనూ సరిగ్గా ఇలాగేనండీ" అంది. ఊటీలో కవ్వం ఎవరు తిప్పారో నేను అడగలేదు.

కప్పులు పట్టుకెళ్ళింది. నేను తలుపు వెనకాల నిలబడ్డాను.

"అబ్బ! ఎంత బాగుందండీ" అంది ఉమాకుమారిగారు. "మద్రాసులో కూడా ఇంత చిక్కటిది తాగలేదు నేను. ఏం పాలండీ ఇవి?"

"డబ్బా పాలేనండీ" అంది రాజరాజేశ్వరి, రెప్ప వాల్చకుండా. "మేమిక గేదె పాలు మానేస్తున్నాం."

మా అత్తగారి అడకత్తెర టక్కుమంది. "అయితే రేపు బంగార్రాజుని రానీ" అంది ఆవిడ.

నాకు కోపం కూడా రాలేదు. కోపం రావడానికి ఎదటి మనిషి కాస్తయినా మనిషి కావాలి. వంటింట్లోకి వెళ్ళి, కుండ మీద ఇత్తడి పళ్ళెం మూత పెట్టి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూచున్నాను.

అయిదు నిమిషాల్లో వచ్చింది రాజరాజేశ్వరి, ఖాళీ కప్పుల పళ్ళెంతో, మొహం వెలిగిపోతూ.

"ఇంకో కప్పు అడుగుతున్నారు అక్కయ్యా! ముగ్గురూనూ!"

"డబ్బా అదిగో."

"హాస్యాలాడకండి. వాళ్ళు కూచున్నారు."

"కూచోనీ. ఈ కుండలోవి గౌరి పాలు. నువ్వు అమ్మేసిన గేదె పాలు నేనెలా పొయ్యను?"

"మెల్లిగా అనండీ, వినపడుతుంది."

"నువ్వే వెళ్ళి గట్టిగా చెప్పు. నువ్విచ్చినవి ఏ పాలో అత్తయ్యగారికి చెప్పి రా. చెప్పేదాకా మూత తియ్యను."

ఆమె నా చెయ్యి వంక చూసింది. ఫిల్టరు వంక చూసింది. పాలపొడి డబ్బా వంక మాత్రం చూడలేదు. పైట సర్దుకుని వెళ్ళింది. తలవంచుకుని చెబుతుందనుకున్నాను. నాకూ కాస్త ఆశ ఉంది కాబోలు.

అరుగు మీద ఆమె నవ్వు వినపడింది.

"ఇందాక పరాచికానికి అన్నానండీ! డబ్బా పాలకి ఆ చిక్కదనం ఎక్కడిదండీ, నా మొహం! మా ఇంటి గేదె పాలు. పెదపాడు నుంచి ప్రత్యేకం తెప్పించుకున్నాం. పొద్దుట్నుంచీ దాలి మీద కాగనిస్తాను నేను. డబ్బా పాలు మా ఇంట్లో ఎవరూ ముట్టరు."

తెప్పించుకున్నారట. కాగనిస్తుందట. దాలి గుంట పెరట్లో ఏ మూల ఉందో అడిగితే చెప్పలేదు.

అడకత్తెర మళ్ళీ టక్కుమంది. తర్వాత మా అత్తగారి గొంతు: "అయితే బంగార్రాజు వట్టి చేతుల్తోనే పోతాడు."

నేను మూత తీశాను.

రెండో కప్పు తాగి, ఉమాకుమారిగారు గేదెని చూస్తానంది. రాజరాజేశ్వరి పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, పేడ తొక్కకుండా గెంతుకుంటూ పాకలోకి తీసుకెళ్ళింది. "మా అమ్మడండీ ఇది, నేను కనపడకపోతే పాలివ్వదు" అంటూ నుదుటి మీద చెయ్యి వెయ్యబోయింది. గౌరి ఒక్కసారి చీదింది. పట్టుచీర మీద పైట నుంచి కుచ్చిళ్ళ దాకా పడింది. గేదెకి కూడా కొన్ని తెలుస్తాయి.

మర్నాడు తెల్లవారగానే బంగార్రాజు కొత్త పలుపుతాడు భుజాన వేసుకుని దిగాడు. నేను పాకలో పాలు పితుకుతున్నాను. రాజరాజేశ్వరి మెట్ల మీదకొచ్చి, "ఇలాంటి గేదెని ఎవరైనా అమ్ముకుంటారటయ్యా? నీకెవరు చెప్పారు?" అని గదిమింది. బంగార్రాజు ఆమె వంక చూసి, నా వంక చూసి, తాడు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఫిల్టరు చిల్లుల్లో ఎండిన కోకోని గుండుసూదితో ఒక్కొక్కటే పొడిచి తీసేసరికి పొద్దెక్కింది. కాఫీ కలిపి అందరికీ ఇచ్చాను. రాజరాజేశ్వరి గ్లాసులోకి తొంగి చూసుకుంది.

"అక్కయ్యా, ఇంకో చుక్క పాలు పొయ్యరూ?"

పోశాను. ఒక్క చుక్కే.