ఏడుపు లేని ఉత్తరాలు

నాలుగో రోజు కూడా మేజోళ్ళు ఆరలేదు. ముప్పై ఇద్దరు ఆడపిల్లలు, అరవై నాలుగు మేజోళ్ళు, వాటిలో జత కుదిరినవి ఏ ఇరవయ్యో. వేసవి శిబిరమని పేరు పెట్టుకున్న పాపానికి ఆకాశం కక్షగట్టినట్టు కురుస్తోంది. వార్డెనమ్మ మంచాల మధ్య తాళ్ళు కట్టి ఒక్కొక్కటే పిండి ఆరేస్తోంది. ఈ పనికి ఆమెకెవరూ శిక్షణ ఇవ్వలేదు. పదమూడేళ్ళ కాపురమే ఇచ్చింది.

నిజానికి ఆమె వార్డెను కాదు, బళ్ళో బొమ్మలేయడం నేర్పే టీచరు. సెలవుల్లో పది రోజులు శిబిరం పిల్లలకు రంగులు నేర్పుదామని వచ్చింది. వచ్చిన పూటే మేనేజరు, "ఎలాగూ ఆడవారు కదా మేడమ్, అమ్మాయిల హాలు కూడా కాస్త చూసుకోండి" అన్నాడు. ఆ కాస్తలో పక్కబట్టలు, చిక్కుజడలు, దగ్గులు, కీచులాటలు అన్నీ ఇమిడిపోయాయి. రంగుల పెట్టెకు మూత తీసే తీరికే దొరకలేదు. బయల్దేరేటప్పుడు అత్తగారు గుమ్మంలో నిలబడి, "సొంత పిల్లని ఇంట్లో వదిలేసి ఊరి పిల్లల్ని సాకడానికి పోతోంది మహాతల్లి" అంది. భర్త పెద్దమనసు చేసుకుని, "పోనీలేమ్మా, సరదా పడుతోంది" అన్నాడు. పదకొండేళ్ళ కూతురు మాత్రం ఏమీ అనలేదు. బ్యాగు జిప్పు పట్టకపోతే దాని మీదెక్కి కూర్చుని సాయం చేసింది.

రోజూ సాయంత్రం ఆరింటికి భర్త ఫోను చేసేవాడు. "నువ్వు లేవని ఇల్లేమీ ఆగిపోలేదోయ్, బ్రహ్మాండంగా నడుస్తోంది!" అని నవ్వేవాడు. ఆ మాట ఆమెను కొంచెం గుచ్చింది, గుండెల మీద బరువు కొంచెం దించింది కూడా. తర్వాత కూతురు ఫోను అందుకుని, "బాగానే ఉన్నానమ్మా" అనేది. అంతే, పెట్టేసేది.

శిబిరంలో పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదు. నాలుగో రోజున అందరూ ఇంటికి ఉత్తరం రాయాలి. ఆఫీసువాళ్ళు వాటిని ఫొటోలు తీసి తల్లిదండ్రుల ఫోన్లకు పంపుతారు. పంపే ముందు వార్డెను చదవాలి. "ఒక్క ఏడుపు ఉత్తరం వెళ్ళిందంటే చాలు మేడమ్, రేపు పొద్దున్నే గేటు ముందు కార్లు బారులు తీరతాయి. మీకైతే పిల్లలు మాట వింటారు, నచ్చజెప్పి మళ్ళీ రాయించండి" అన్నాడు మేనేజరు.

ఆమె నచ్చజెప్పింది. అందులో ఆమెది అందె వేసిన చెయ్యి. ఏడుపు ఉత్తరాలు ఐదొచ్చాయి, నాలుగు చిటికెలో నవ్వు ఉత్తరాలైపోయాయి. ఐదోది గువ్వది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఎప్పుడూ మంచం మూల ముడుచుకుని కూర్చుంటుందని అందరూ గువ్వ అనేవారు. 'అమ్మా, నా పరుపు తడిసింది. చెవి పోటు. వచ్చి తీసుకెళ్ళు' అని రాసింది.

"పరుపు ఇప్పుడే మార్చేస్తాగా. డాక్టరుకి కూడా కబురు పెట్టిస్తా. బాగానే ఉన్నానని రాయి బంగారం."

"నొప్పి ఉంది కదా ఆంటీ?"

"ఉంటే మాత్రం? ఇంత వానలో అమ్మకి దిగులు పెడతామా?"

గువ్వ కాసేపు పెన్సిలు కొరికి, కొత్త కాగితం తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. ఆమె మెచ్చుకుని తల నిమిరింది.

'బాగానే ఉన్నాను' అన్న మాట ఆమె అప్పటికప్పుడు కల్పించింది కాదు. పెళ్ళైన కొత్తల్లో అత్తవారింట్లో ఫోను హాల్లో, అత్తగారి కుర్చీ పక్కనే ఉండేది. అటునుంచి అమ్మ, "ఎలా ఉన్నావే?" అని అడిగితే ఇటునుంచి ఒకటే జవాబు. అన్నం మాడిందని పళ్ళెం తోసేసిన రోజూ అదే, కడుపు నిలవక ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజూ అదే. అమ్మకి దిగులెందుకని. తన కూతురు సుఖంగా ఉందని నమ్మి అమ్మ కన్నుమూసింది. అది అమ్మకు తానిచ్చిన కానుక అని ఆమె చాలా ఏళ్ళు అనుకుంది.

పరుపైతే మార్చింది. డాక్టరుకు కబురు పెట్టించబోతుండగా హాలు కప్పు కారడం మొదలైంది. బకెట్లు, తుడుపుగుడ్డలు, భయపడ్డ పిల్లలు. ఆ హడావిడిలో కబురు సంగతి మరిచేపోయింది. మర్నాడు గుర్తొచ్చి, "గువ్వా, చెవెలా ఉంది?" అని అడిగింది. "బాగానే ఉన్నానాంటీ" అంది పిల్ల. ఆరో రోజూ అదే అంది. హమ్మయ్య అనుకుంది వార్డెనమ్మ.

ఏడో రోజు పొద్దున గువ్వ తలగడ మీద చీము, నెత్తురు. ఒళ్ళు కాలిపోతోంది.

డాక్టరు చూసి, కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు. "జ్వరం తగ్గుతుంది. వినికిడి సంగతి మాత్రం నెల్లాళ్ళు ఆగితే గానీ చెప్పలేను. ఇన్నాళ్ళూ నొప్పితో విలవిల్లాడి ఉంటుందే, చెప్పలేదా?"

"మొండిపిల్లండీ, నోరు విప్పదు" అన్నాడు మేనేజరు.

మధ్యాహ్నానికి గువ్వ తల్లి తడిసి ముద్దై వచ్చింది. ఫోనులో ఉత్తరం తీసి చూపించింది. "బాగానే ఉన్నానని రాసిందండీ. ఇది దాని చేతిరాతే." ఆ తల్లికింకా ఏమీ అర్థం కావడం లేదు. మేనేజరు వార్డెనమ్మ వంక చూశాడు. ఊరుకోండి అన్న చూపు. ఆ చూపు ఆమెకు కొత్త కాదు, పదమూడేళ్ళుగా తెలుసు.

"చేతిరాతే మీ పాపదండీ. మాట నాది" అంది. "చెవి పోటని ముందే రాసింది. నేనే మార్పించాను."

ఆ తల్లి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పిల్లను దుప్పట్లో చుట్టుకుంటూ, "నా కూతురు నన్ను రమ్మంటే, వద్దనడానికి మీరెవరండీ?" అని మాత్రం అడిగింది. వార్డెనమ్మ గువ్వ మంచం దగ్గర కూలబడి, "నేనడిగినప్పుడైనా ఎందుకు చెప్పలేదమ్మా?" అంది.

చెవిలో దూది పెట్టుకున్న గువ్వ, వినపడే చెవి ఇటు తిప్పింది. "మీకు దిగులేస్తుందని ఆంటీ."

కారు వెళ్ళిపోయాక ఆమె వరండాలో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. మేజోళ్ళ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె కూడా పట్టించుకోలేదు.

ఆరింటికి ఫోను మోగింది. "ఇక్కడంతా బ్రహ్మాండం!" అని భర్త ఫోను కూతురికిచ్చాడు.

"బాగానే ఉన్నానమ్మా."

ఇన్నాళ్ళూ వింటున్న మాటే. అందులో ఈ రోజు ఆమెకు తన గొంతే వినిపించింది.

"ఇప్పుడే పెట్టెయ్యకు. నాకు దిగులేసినా ఫర్వాలేదు. చెప్పమ్మా."

అటు గిన్నెల మీద నీళ్ళు పడుతున్న శబ్దం. తర్వాత చాలా సన్నగా, "పెద్ద కుక్కరు నేను ఎత్తలేకపోతున్నానమ్మా. మొన్న చెయ్యి కాలింది. నీకు చెప్పొద్దన్నారు నాన్న. దిగులు పడతావంట."

ఆమె లేచి నిలబడింది.

"ఫోను నాన్నకివ్వమ్మా."

"ఆఁ, ఏంటి? ఏమైంది?" అన్నాడు భర్త.

"రేపు పొద్దున బస్సుకి వస్తున్నాను. ఈ పూట నుంచి కుక్కరు మీరెత్తండి" అంది. "నేనొచ్చాక కూడా."