వీపు మీద చెయ్యి

ఆ మంగళవారం రషాన్ టాలివర్ చెయ్యాల్సిన పనులు చాలానే ఉన్నాయి. లేవగానే కుడి మోకాలికి ఐసు పెట్టుకోవాలి. ఎర్లీన్ అత్త కొట్టుకెళ్లి పొగలో కాల్చిన పక్కటెముకల మాంసం, మొక్కజొన్న రొట్టె చెప్పి రావాలి. జట్టులో తన నేస్తం వేడ్‌కి ఆవపిండి పడదు కనుక వాడి వాటా విడిగా కట్టించాలి. కూతురికి బడి బూట్లు కొనాలి. మధ్యాహ్నం ఈ ఏడు జట్టులో ఎవరుంటారో ఖరారు చేసే వేళకి మైదానం దగ్గరుండాలి. సాయంత్రం వేడ్ ఇంట్లో అందరికీ తనే వడ్డించాలి.

టాలివర్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రన్నింగ్ బ్యాక్, అంటే బంతితో పరుగెత్తేవాడు. జట్టు ఖరారైన సాయంత్రం, తనకి దారి చేసిపెట్టే భారీ మనుషులకి రన్నింగ్ బ్యాక్ భోజనం పెట్టడం వాళ్ల ఆనవాయితీ. బంతి చంకలో ఇరికించుకుని పరుగెత్తేవాడికే పేరొస్తుంది. ఎదుటివాళ్లని గుద్ది పక్కకి తోసేవాళ్ల పేర్లు ఎవరికీ పట్టవు. టాలివర్ మాత్రం ఏ ఏడూ ఆ భోజనం మానలేదు.

"ఏరా ముసలోడా, ఇంకా పరుగెడుతున్నావా, నడుస్తున్నావా?" అంది ఎర్లీన్ అత్త, పొయ్యి మూత తీస్తూ.

"నీ కొట్టు ముందు లైను కంటే తొందరగానే కదులుతున్నాలే అత్తా."

"వచ్చే నెల ముప్పై అంటగా! నా మోకాళ్లకి రాసుకునే నూనె ఇస్తా, పట్టుకెళ్లు."

నవ్వాడు గాని ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. బయట ముప్పై ఏళ్లవాణ్ణి కుర్రాడంటారు. ఈ పనిలో ముప్పై అంటే ముసలితనమే. కుర్రవాళ్లకి ఒక రాత్రిలో తగ్గే దెబ్బ, తనకి వారం పడుతోంది. ఆ సంగతి తెలుసు కనుకనే, మొన్న వసంతంలో వేడ్ ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని ఒక మాట అడిగాడు.

"ఒరేయ్, నా అడుగు మందగిస్తే అందరికంటే ముందు నీకే తెలుస్తుంది. నాకు చెప్పు. ముందు నాకే చెప్పు. నా అంతట నేనే మానేస్తా. గెంటించుకోను."

"ఒట్టురా," అన్నాడు వేడ్.

వేడ్‌కే ఎందుకు తెలుస్తుందంటే, టాలివర్ పరుగెత్తేది వాడి వెనకాలే. ఎడమచెయ్యి వాడి వీపు మీద వేసి, వాడు ఎదుటివాణ్ణి ఎటు తోస్తాడో పసిగట్టి, రెండో పక్క సందులోంచి దూసుకుపోతాడు. ఎన్నో ఏళ్లుగా ఆ వీపూ ఆ చెయ్యీ మాట్లాడుకుంటున్నాయి.

మధ్యాహ్నం కోచ్ పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"చూడు టాలివర్, నువ్వంటే నాకెంత గౌరవమో..."

"గౌరవం దాకా వచ్చారంటే అయిపోయినట్టే. చెప్పండి కోచ్."

"ఇదివరకు వేడ్ వీపు మీద చెయ్యి వేసేవాడివి. ఇప్పుడు వెయ్యడం లేదు, ఆనుకుంటున్నావు. నీ బరువంతా వాడి మీద పడుతోంది. ఈ ఏడు కొత్త కుర్రాడితో వెళ్తాం."

టాలివర్‌కి మోకాలు గుర్తురాలేదు, ముప్పై గుర్తురాలేదు. చెయ్యి పడటం ఏ కెమెరాకైనా కనిపిస్తుంది. దాని బరువు ఒక్క వీపుకే తెలుస్తుంది.

"మీకెప్పుడు తెలిసింది?"

"సాధన శిబిరం మొదట్లోనే."

అప్పుడే తనకి తెలిసుంటే తలెత్తుకుని తప్పుకునేవాడు. లేదా ఇంకో జట్టుని అడిగేవాడు. ఇప్పుడు ఎక్కడా ఖాళీలు లేవు.

అయినా కొట్టుకి వెళ్లి పొట్లాలు తీసుకున్నాడు. వేడ్ ఇంటికి చేరేసరికి మిగతావాళ్లు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. వేడ్ అటు తిరిగి గిన్నెలు కడుగుతున్నాడు. టాలివర్ వెళ్లి వాడి వీపు మీద చెయ్యి పెట్టాడు.

"వచ్చావా రష్?" అన్నాడు వేడ్, తిరిగి చూడకుండానే.

"ఇప్పుడు వేశానా, ఆనుకున్నానా?"

ఆ వీపు రాయిలా బిగుసుకుంది.

"కోచ్ మొహం మీదే అడిగాడ్రా. అబద్ధమాడి దొరికిపోతే నా చోటూ పోయేది. నాకూ పిల్లలున్నారు."

"అబద్ధమాడమని ఎవడన్నాడు? ముందు నాకు చెప్పమన్నా."

"రోజూ నవ్వుతూ వచ్చేవాడివి. నీ మొహం చూస్తే నోరు రాలేదు."

"కోచ్ దగ్గర వచ్చిందిగా."

టాలివర్ పొట్లాలు విప్పి ఒక్కొక్కరికీ కొసరి కొసరి వడ్డించాడు. ఎవరూ తలెత్తలేదు. చివరికి విడిగా కట్టించిన పొట్లం వేడ్ ముందు పెట్టాడు.

"ఇది నీది. ఆవపిండి లేదు. తిను."

తను కూర్చోలేదు. బూట్ల కొట్టు మూసేలోగా వెళ్లాలని బయటికి నడిచాడు.

ఆదివారాలు ఆ జట్టు ఆడుతుంది. కొత్త కుర్రాడు బంతి చంకలో పెట్టుకుని, వేడ్ వీపు మీద ఎడమచెయ్యి వేసి, సందు కోసం ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడం వాడికి నేర్పింది టాలివరే. వాడు దూసుకుపోతే చప్పట్లు కొట్టండి, తప్పులేదు. కానీ ఆ వీపు మీద ఆ చెయ్యి పడ్డప్పుడు మాత్రం, రషాన్ టాలివర్‌ని ఒక్కసారి తలుచుకోండి.