బస్టాపు దగ్గర చుక్క

మేముండే ఇంటికి బోర్డు లేదు. బయటినుంచి చూస్తే ఎవరో కాస్త కలిగినవాళ్ళు కట్టుకుని, రంగు వేయించడానికి బద్ధకించినట్టు ఉంటుంది. లోపల కొందరు ఆడవాళ్ళం, మా పిల్లలు, ఒక కుట్టుమిషను, ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూ ఉండే వంటగది. మొగుళ్ళ నుంచి తప్పించుకొచ్చినవాళ్ళకోసం నడిపే ఇల్లది. అడ్రసు ఎవరికీ చెప్పకూడదన్నది మొదటి నియమం. మా అమ్మకు కూడా నేను చెప్పలేదు. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు.

ఇంటిని నడిపే ఆవిడను అందరం పెద్దక్క అంటాం. వ్యాను తనే నడుపుతుంది, మేం గొడవపడితే తనే తీరుస్తుంది. కోపం వస్తే అందరూ గొంతు పెంచుతారు, ఆవిడ తగ్గిస్తుంది. అందుకే ఆవిడంటే మాకు హడలు.

విశ్వవిద్యాలయం నుంచి విద్యార్థుల్ని పంపిస్తామని ఒక సారు వచ్చినప్పుడు పెద్దక్క చాన్నాళ్ళు ఒప్పుకోలేదు. చదువుతో పాటు సేవ కూడా నేర్పాలట. దానికో కోర్సు ఉందట. ఊళ్ళోని సేవాసంస్థలతో కలిసి పనిచేస్తారట. భయంతో మా పిల్లల్ని బడికి పంపలేకపోతున్నాం, ఎవరో ఒకరు వచ్చి నాలుగు ముక్కలు చెబితే మంచిదే కదా అని చివరికి సరేనంది. వచ్చిన అమ్మాయిని బస్టాపులో దిగమని, అక్కడినుంచి తనే నడిపించుకుని తీసుకొచ్చింది.

"ఎందుకొస్తున్నావమ్మా ఇక్కడికి?" అని మొదటిరోజే అడిగాను. సేవ చేసేవాళ్ళు చెప్పే పెద్ద పెద్ద మాటలు వినడం నాకు సరదా.

"మార్కుల కోసం అక్కా," అంది ఆ పిల్ల. "ఈ కోర్సు పాసవ్వకపోతే డిగ్రీ చేతికి రాదు."

నాకు నవ్వాగలేదు. ఆ రోజు నుంచి ఆమె నాకు మార్కులమ్మాయి. అలా పిలిస్తే పలికేది కూడా. పెళ్ళయ్యాక ఇంత తిన్నగా నిజం చెప్పే మనిషి నాకు తగల్లేదు.

మా పాప అప్పటికి ఎవరి దగ్గరికీ పోయేది కాదు. వీధిలో మగగొంతు వినిపిస్తే చాలు, కుట్టుమిషను కిందకు దూరేది. మార్కులమ్మాయి ఏం మందు పెట్టిందో గానీ, కొద్దిరోజులకే ఆమె ఒళ్ళో కూర్చుని ఎడమ చేత్తో అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. రాసేటప్పుడు నాలుక బయటపెడుతుంది. అంకెలు ఎప్పుడూ వెనకనుంచే లెక్కపెడుతుంది, పదితో మొదలుపెట్టి ఒకటికి వస్తుంది. ఎవరు నేర్పారో తెలియదు, పుట్టుకతో వచ్చిన వంకర అనుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆ మధ్యాహ్నం నేను దిండు గలీబులు కుడుతున్నాను. పాప పక్కగదిలో పడుకుంది. మార్కులమ్మాయి మొహం వెలిగిపోతూ వచ్చి ఫోను నా చేతిలో పెట్టింది.

"నేను రాసింది బాగుందని సార్ క్లాసులో చదివి వినిపించారక్కా. చూడండి."

ఈ కోర్సు పిల్లలందరూ తమ సేవ గురించి విశ్వవిద్యాలయం వాళ్ళ పేజీలో రాయాలట. చదివినవాళ్ళు ఏమైనా అడిగితే జవాబూ ఇవ్వాలట. దానికీ మార్కులున్నాయి. జనంతో మాట కలపడం కూడా సేవలో భాగమేనట.

చదివాను. ఇంటి పేరు లేదు, మా ఎవరి పేరూ లేదు. ఎడమ చేతి రాత, బయటపెట్టిన నాలుక, వెనక్కి లెక్కపెట్టడం, అన్నీ ముద్దుగా రాసింది. ఫొటో తనదొక్కటే, నవ్వుతూ. దాని కింద ఊరి మ్యాపు. ఆ మ్యాపులో ఎర్ర చుక్క.

"ఇదేంటే?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎవరెక్కడ పనిచేస్తున్నారో చూపించాలక్కా. భయపడకండి, ఇల్లు పెట్టలేదు. బస్టాపు పెట్టాం. అలాగైతే ఎవరికీ తెలియదని సార్ అన్నారు."

కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఆ పిల్ల ఇంకా కిందకు జరిపింది, జనం మెచ్చుకున్నది చూపించాలని ఆమె ఆరాటం. "చాలా మంచి పని చేస్తున్నావు తల్లీ," అని ఒకరు. "నీలాంటివాళ్ళు ఉండాలి," అని ఇంకొకరు. వాటి మధ్యలో ఒకటి, ఏదో చిట్టి పొట్టి పేరుతో:

"పాప ఇప్పటికీ చెవి పట్టుకునే నిద్రపోతుందా?"

దాని కింద మార్కులమ్మాయి జవాబు: "అవునండీ! మీకెలా తెలుసు?"

వ్యాసంలో చెవి ఊసే లేదు.

గలీబు సూది కిందే ఉండిపోయింది. పాపను తీసుకుని ఎక్కడికి పోయినా ఇద్దర్నీ ఒకే గోతిలో పెడతానని మా ఆయన నాతో చాలాసార్లు అన్నాడు. తాగి కాదు, అరిచీ కాదు, అన్నం తింటూ మామూలుగా అన్నాడు. బయట అందరికీ ఆయన దేవుడు. ఇప్పుడు గాలం వేశాడు. ఈ పిచ్చిపిల్ల మార్కుల కోసం దానికి తగులుకుంది.

"ఎవరక్కా అది రాసింది?"

"దాని నాన్న."

ఆమె ఫోను లాక్కుంది. "తీసేస్తానక్కా. ఇప్పుడే మొత్తం తీసేస్తాను."

"చూసినవాడి కళ్ళలోంచి ఎలా తీస్తావే?" అని అరిచాను. కొట్టేదాన్నేమో కూడా. ఈలోగా పెద్దక్క వచ్చింది, ఫోను చూసింది, గొంతు బాగా తగ్గించింది.

"సామాను వద్దు. పాపను లేపు. చెప్పులు వేసుకోండి, అంతే."

పోలీసులకు ఫోను చేసింది. బయల్దేరుతున్నామన్నారు. వాళ్ళ బయల్దేరడం సంగతి మాకు తెలియంది కాదు. వేరే ఊళ్ళో ఇలాంటిదే ఇంకో ఇల్లుంది, అక్కడికి వెళ్ళాలి.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అంది మార్కులమ్మాయి. అంటూనే చేత్తో నోరు మూసుకుంది. "వద్దు. నాకు చెప్పకండి."

తిట్టాలని తెరిచిన నోరు నాకు మూతపడింది. పాప నిద్రమొహంతో వచ్చి ఆమె కాళ్ళను చుట్టుకుంది. ఆ పిల్ల ఏడవకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంటూ పాప చేతులు విడిపించింది.

"నువ్వు ముందు వెళ్ళు," అంది పెద్దక్క ఆమెతో. "రోజూలాగే బస్సెక్కు. ఎవరడిగినా ఏమీ తెలియదను."

మా ధ్యాసంతా నన్నూ పాపనూ దాచడం మీదే ఉంది. ఆ పేజీలో ఉన్న ముఖం ఒకే ఒక్కటని మాలో ఒక్కరికీ తట్టలేదు.

పాపను వ్యాను వెనకసీటు కింద పడుకోబెట్టి కుట్టిన గలీబులన్నీ మీద కప్పాను. నేను ముందుసీట్లో ముసుగు వేసుకుని వంగి కూర్చున్నాను. మా సందుకు రెండోవైపు దారి లేదు. ఎటు పోవాలన్నా బస్టాపు దాటే పోవాలి.

మలుపు తిరగ్గానే కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో రంగు కాగితం చుట్టిన బొమ్మపెట్టె. మార్కులమ్మాయితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆమె అడ్డంగా తల ఊపుతోంది. బస్సు వచ్చి ఆగింది, కదిలింది. ఆమె ఎక్కలేదు. ఎందుకెక్కలేదో అప్పుడు చూశాను. ఆమె మణికట్టు ఆయన చేతిలో ఉంది.

చూసేవాళ్ళకు ఎవరో బాబాయి అమ్మాయికి బుద్ధులు చెబుతున్నట్టుంది. ఆ పట్టు నాకు తెలుసు. బొటనవేలు ఎముక మీద పెట్టి, నవ్వు చెదరకుండా తిప్పుతాడు. ఎముక విరిగేదాకా పక్కనున్నవాళ్ళకు తెలియదు. ఆ పిల్లకు మేం పోయేచోటు తెలియదు. తెలియదని చెబితే ఆయన నమ్మడు. ఇంకాస్త తిప్పుతాడు.

"అక్కా, బండి ఆపు."

"తల దించు. వెనక పాప ఉంది. ఆపను."

ఆవిడ మాట నిజమే. దాటిపోతే మేం బతుకుతాం. దాటిపోవాలని నా ఒళ్ళంతా కోరుకుంది, ఆ మాట దాచను. ఆ పిల్ల మోకాళ్ళు మెల్లగా వంగుతున్నాయి.

అద్దం దించాను. ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ పేరు పెట్టి పిలవని మనిషిని పేరు పెట్టి అరిచాను. బస్టాపంతా తిరిగి చూసింది. ఆయనా తిరిగాడు. చేయి వదిలాడు. మార్కులమ్మాయి మందులషాపులోకి పరిగెత్తింది.

నన్ను చూసినా ఆయన నవ్వు పోలేదు. దానికే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది. బొమ్మపెట్టె అక్కడే పడేసి, పక్కన నిలబెట్టిన మోటారుసైకిలు ఎక్కాడు.

పెద్దక్క గేరు మార్చింది. "ఈ వ్యాను కూడా వదిలేయాలి," అంది చాలా మెల్లగా. అద్దంలో మోటారుసైకిలు మొదట చిన్నగా కనిపించింది, తర్వాత అంత చిన్నగా లేదు.

గలీబుల కింద కదలిక.

"అమ్మా, దొరికిపోయామా?"

"ఇంకా లేదమ్మా," అన్నాను.