రెండో ముక్క

చపాతీ అంచులు పల్చబడేదాకా ఒత్తి, పెనం మీద వేసి, గిరిజ మరో ఉండ అందుకుంది. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఇండియన్ కిరాణా కొట్టు వెనక వంటగది అది. సెగకి ముంజేతుల మీద పిండీ చెమటా కలిసి అట్టకట్టాయి. మధ్యమధ్య ఫోను వంక చూస్తోంది. మోగకపోతే భయం, మోగితే మరీ భయం. పొద్దున ఇంటికొచ్చిన నర్సు భర్త పద్మనాభం పాదాలు తడిమి, తల అడ్డంగా ఊపింది. గిరిజకి సెలవులు మిగల్లేదు. మధ్యాహ్నందాకా తను ఉంటానని ఆ నర్సే పంపింది.

వేసవిలో సియాటిల్ పక్కన బాతెల్‌లో కూతురు స్పందన పెళ్ళి జరిగింది. మంచం పట్టిన మనిషిని వదిలి గిరిజా వెళ్ళలేదు. బావగారూ తోడికోడలూ పీటల మీద కూర్చున్నారు. పెళ్ళి వీడియో యూఎస్‌బీలో వచ్చింది. లాప్‌టాప్‌లో బొమ్మ పద్మనాభం కంటికి ఆనదు. టీవీకి పెడితే పేరు కనిపిస్తుంది, నొక్కితే ఆడదు.

పైవాటా చక్రపాణి వచ్చి చూశాడు. "ఇంత పెద్ద ఫైల్ మీ టీవీ మింగలేదక్కా. రెండు ముక్కలు చేస్తా."

"పెళ్ళిని ముక్కలు చేస్తావా తమ్ముడూ?"

"పెళ్ళిని కాదక్కా, ఫైల్‌ని! పిండి ముద్దని మీరు ఉండలు చెయ్యట్లా?"

గిరిజకి నవ్వు రాలేదు. కోసిన చోట మంగళసూత్రం పడితే? పిల్లకేమన్నా అయితే? వద్దంటే వద్దంది. ఆ మాటకి వారమైంది.

ఇవాళ పిండిచేత్తోనే ఫోన్ చేసింది. "చెయ్యి తమ్ముడూ. ముక్కలే చెయ్యి."

సాయంత్రం చక్రపాణి డ్రైవ్ టీవీకి గుచ్చి, "ఒకటి అవగానే రెండోది నొక్కండక్కా" అని చెప్పి, పాపని పికప్ చేసుకోవాలంటూ వెళ్ళిపోయాడు.

గిరిజ బియ్యంలో పసుపూ నెయ్యీ కలిపి తెచ్చింది. భర్త గుప్పిట్లో ఆ అక్షింతలు పోసి, వేళ్ళు తనే మూసింది.

"తాళి కట్టేప్పుడు వెయ్యండి. మనం వెయ్యలేదుగా."

బుట్టలో కూర్చుని స్పందన వచ్చింది.

"చిక్కింది," అన్నాడు పద్మనాభం.

"దిష్టి పెట్టకండి."

జీలకర్రా బెల్లం అయింది. అడ్డుతెర తీశారు. పెళ్ళికొడుకు మంగళసూత్రం చేతిలోకి తీసుకున్నాడు. మంచం మీద గుప్పిట కాస్త పైకి లేచింది.

టీవీ నల్లబడింది.

రెండు పేర్లు కనబడ్డాయి. గిరిజ రిమోట్ అందుకుంది. నొక్కింది. మళ్ళీ మొదటినుంచి, గణపతి పూజ. "ఉండండి, వచ్చేస్తోంది. ఒక్క క్షణం ఉండండి." వెనక్కి, కిందికి, మళ్ళీ వెనక్కి. ఆఖరికి భజంత్రీలు ఒక్కసారిగా మోగాయి.

"వెయ్యండి!" అంటూ తిరిగింది.

ఆయన కళ్ళు టీవీ వైపే ఉన్నాయి. రెప్ప పడటం లేదు. ఛాతీ మీద దుప్పటి కదలడం లేదు.

"ఏమండీ."

టీవీలో అందరూ లేచి అక్షింతలు చల్లుతున్నారు. మంచం మీద వాలిన గుప్పిట సందులోంచి పసుపు గింజ ఒకటి జారి, దుప్పటి మడతలో ఆగింది.