షరీఫ్ తెచ్చిన మేక్

సరిచేశానన్నవాడు నిజంగా సరిచేసి ఉంటే తప్పు మళ్ళీ ఎందుకొస్తుంది, హైదరాబాద్ కంపెనీవాళ్ళు ఉద్యోగానికి పిలిచారని షరీఫే పోయిన వారం నోరు జారాడు, పోయేవాడు ఈ దుకాణం పేరు చెడగొట్టి మరీ పోవాలనుకున్నాడా, కరెంటు పోయి నల్లబడ్డ కంప్యూటరు తెర ముందు ప్రమోదిని పైటతో విసురుకుంటూ కూర్చుంది, ప్రోగ్రాములు రాసి అమ్మడానికి కరీంనగర్ బస్టాండు వెనుక ఈ గదిని తనూ షరీఫూ కలిసే అద్దెకు తీసుకున్నారు, కలిసే చదువుకున్నారు, ఇప్పుడు ఆమె లోపలికి రాగానే అతను ఫోన్లో గొంతు తగ్గిస్తాడు, ఎందుకు, నిర్మల్ ఆస్పత్రి డాక్టరు లింగారావు పొద్దున ఫోన్లో అరవను కూడా అరవలేదు, పసిపిల్లకు పెద్దోళ్ళ మందు మోతాదు చూపించింది మీ ప్రోగ్రాం, మా నర్సు దేవకి చూసి ఆపింది, లేకుంటే ఏమయ్యేదమ్మా అన్నాడు.

అంతా ఈ మేక్ అనే పనిముట్టు వచ్చాకే, విండోస్ తొంభై అయిదు వచ్చిందని ఊరంతా చెప్పుకుంటున్నా ఆస్పత్రిలో ఉన్నది పాత డాస్ యంత్రమే, దానికి ప్రోగ్రాం తయారుచేయడానికి పనికొచ్చేవి రెండే, ఒకటి తను వరసగా ఆజ్ఞలు రాసుకున్న బ్యాచ్ ఫైలు, ప్రోగ్రాం ముక్కలన్నిటినీ ప్రతిసారీ మొదటినుంచి కంపైల్ చేసి, అంటే యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చి, అతికిస్తుంది, చాయ్ తాగి వచ్చినా పూర్తికాదు, రెండోది షరీఫ్ ఫ్లాపీలో తెచ్చిన మేక్, మారిన ముక్కనొక్కదాన్నే కంపైల్ చేసి మిగతావాటికి కలుపుతుంది, అంత తొందరగా అయ్యేదాన్ని ఎట్లా నమ్మాలి, తెచ్చినవాణ్ణి ఎట్లా నమ్మాలి, ఇందాక నిలదీస్తే, నేను సరిచేసిన ప్రమోదినీ, ఫైలు తెరిచి చూస్కో, నామీద నమ్మకం లేదా అన్నాడు, చూసింది, లెక్క సరిగ్గానే ఉంది, ఫైల్లో ఒప్పు, ఆస్పత్రిలో తప్పు, నడుమ ఎవరి చెయ్యి, అతను సరిచేసి నమాజుకు వెళ్ళాక మేక్ నడిపి ఫ్లాపీని నిర్మల్ బస్సులో పంపింది తనే కదా, మరి చెయ్యి పెట్టడానికి ఎవరున్నారు.

కరెంటు వచ్చింది, యంత్రం ఎప్పటిలాగే తారీఖు అడిగింది, దాని గడియారాన్ని నడిపే లోపలి బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది, నిన్నటిలాగే తారీఖు ఇవ్వకుండా ఎంటర్ కొట్టబోయి ఆగింది, తెరమీద పందొమ్మిది వందల ఎనభై, జనవరి ఒకటి, నిన్నా కరెంటు పోయి వచ్చింది, యంత్రాన్ని లేపి ఎంటర్ కొట్టి షరీఫ్‌కు కుర్చీ ఇచ్చింది తనే, అతను సరిచేసిన ఫైలు ఆ ఎనభయ్యో సంవత్సరం తారీఖుతోనే పడింది, ఏది మారిందో మేక్ తేల్చుకునేది తారీఖులు చూసే, ఇది ఎప్పటిదో పాతదనుకుని వదిలేసి, దిద్దకముందు కంపైల్ చేసిన పాత ముక్కనే అతికించింది, ఆమె సరైన తారీఖు కొట్టి, ఫైలును మళ్ళీ భద్రపరిచి, మేక్ నడిపింది, పసిపిల్ల బరువు ఇస్తే పసిపిల్ల మోతాదే వచ్చింది.

షరీఫ్ వచ్చి నిలబడితే, తప్పు నీది కాదు, నాది, మేక్‌నే ఉంచుదాం, బ్యాటరీ మారుద్దాం అంది, నేనింకా వాళ్ళకు ఏం చెప్పలే అన్నాడు అతను, హైదరాబాద్ కంపెనీవాళ్ళకని ఆమెకు అర్థమైంది, లింగారావుకు ఫోన్ కలుపుతుంటే తెలిసొచ్చింది, ఇన్నాళ్ళూ అతను మోసగాడని తేలాలని తను ఎదురుచూసింది, మోసగాడైతే అతను వెళ్ళిపోయినా ఏడవనక్కర్లేదు.